రక్తం తీసుకున్నారు, సంగతి చెప్పలేదు

ఎయిడ్స్ గురించి మనకు చెప్పవలసినవాళ్లు నలభై ఏళ్లుగా ఎక్కువగా రెండే పనులు చేస్తూ వచ్చారు. ఒకటి, భయపెట్టడం. రెండోది, ఎవరో ఒకరిని వేలెత్తి చూపడం. భయపెట్టడానికి గోడల మీద పుర్రె బొమ్మలు వేశారు. వేలెత్తి చూపడానికి బలం లేనివాళ్లను వెతుక్కున్నారు. ఒళ్లమ్ముకుని బతికే ఆడమనిషిని చూపించారు. లారీ డ్రైవరును చూపించారు. బొంబాయి వలసపోయి వచ్చిన కూలీని చూపించారు. వీళ్ల సంగతి మనకు బాగా తెలుసు, ఎందుకంటే వీళ్లలో మనవాళ్లు చాలామంది. మనకు అంతగా తెలియని ఇంకో మనిషిని కూడా ఆ వరుసలో నిలబెట్టారు. ఆఫ్రికా దేశాల నుంచి ఇక్కడికి చదువుకోడానికి వచ్చిన విద్యార్థి అతను.

"ఆ నల్లోళ్ల గొడవ మనకెందుకు?" అని ఎవరైనా అనొచ్చు. అనేముందు ఒకసారి అద్దంలో మన రంగు చూసుకుంటే మంచిది. మనకెందుకో రెండు కారణాలు చెబుతాను. ఒక జాతి మొత్తాన్ని మురికి అని ముద్ర వేస్తే ఎట్లా ఉంటుందో ఈ దేశంలో మనకంటే తెలిసినవాళ్లు లేరు. ఇది మొదటిది. ఇవాళ మన వాడల నుంచి కూడా పిల్లలు పరదేశం పోతున్నారు. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి లాంటి పథకాలతో కొందరు పోతున్నారు. ఉన్న అరెకరం అమ్మి, అప్పు తెచ్చి కొందరు పోతున్నారు. నిన్న ఆఫ్రికా పిల్లల్ని మన గేటు దగ్గర నిలబెట్టినట్టే ఇవాళ మన పిల్లల్ని వేరేవాళ్ల గేటు దగ్గర నిలబెడుతున్నారు. ఇది రెండోది.

1986 తర్వాత ఏం జరిగింది?

మన దేశంలో హెచ్ఐవి మొదట బయటపడింది 1986లో, మద్రాసులో. డాక్టర్ సునీతి సోలోమన్, ఆమె దగ్గర చదువుకుంటున్న సెల్లప్పన్ నిర్మల కలిసి, ఒళ్లమ్ముకునే వృత్తిలో ఉన్న కొంతమంది ఆడవాళ్ల రక్తం పరీక్ష చేయించారు. కొందరిలో వైరస్ కనబడింది. అంటే అప్పటికే అది ఇక్కడ, మన ఊళ్ల మధ్య తిరుగుతోంది. అప్పుడు సర్కారు చేయాల్సిన పని ఏమిటి? ఆసుపత్రుల్లో సూదులు శుభ్రంగా ఉన్నాయా చూడాలి. రోగికి ఎక్కించే రక్తం పరీక్ష చేయాలి. ఇది ఎట్లా వస్తుంది, ఎట్లా రాదు అని ప్రతి కాలేజీకి, ప్రతి వాడకు పోయి చెప్పాలి.

సర్కారు ముందుగా చేసిన పనుల్లో ఒకటి చూడండి. విదేశాల నుంచి వచ్చి ఇక్కడ చదువుకునే విద్యార్థులు హెచ్ఐవి పరీక్ష చేయించుకోవాలని హుకుం జారీ చేసింది. పేరుకు విదేశీ విద్యార్థులందరూ. కళ్లన్నీ ఆఫ్రికా పిల్లల మీదే. పాజిటివ్ అని తేలినవాళ్లను చదువు మధ్యలో ఆపి ఇంటికి పంపేశారు. ఇది జాతి వివక్ష అని ఆఫ్రికా విద్యార్థులు నిరసన తెలిపారు. పట్టించుకున్నవాళ్లు తక్కువ. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ల హక్కుల కోసం ఐక్యరాజ్యసమితిలో గొంతెత్తిన దేశం మనది. ఆ గొంతు తన యూనివర్సిటీ గేటు దగ్గర మాత్రం మూగబోయింది. కొద్దిరోజులకు వచ్చి డాలర్లు ఖర్చుపెట్టి పోయే టూరిస్టు చెయ్యి పట్టుకుని ఎవరూ సూది గుచ్చలేదు. వైరస్ కు డాలర్లు తెలుసునా, పాస్‌పోర్టు తెలుసునా?

ఆ రోజుల్లోనే మన టౌన్లలో రక్తం అమ్మకం బాహాటంగా జరిగేది. రిక్షా లాగేవాడు, పని దొరకని కూలీ సీసా రక్తం అమ్ముకుని బియ్యం కొనుక్కునేవాడు. ఎక్కించే రక్తానికి హెచ్ఐవి పరీక్ష తప్పనిసరి చేసింది 1989లో. డబ్బుకు రక్తం కొనడం ఆపాలని సుప్రీంకోర్టు చెప్పింది 1996లో. అది అమలులోకి వచ్చింది 1998 జనవరి 1 నుంచి. అంటే ముందు గుమ్మంలో కర్ర పట్టుకుని కాపలా నిలబడి, పెరటి తలుపు పన్నెండేళ్ల దాకా సరిగా మూయలేదన్నమాట. కాపలా ఎందుకు పెట్టారంటే రోగాన్ని ఆపడానికి కాదు. "మేము శుభ్రం, వచ్చినవాడు మురికి" అని చెప్పుకోడానికి. ఈ తర్కం మనకు కొత్తా? ఊరి బావి దగ్గర, హోటల్లో విడిగా పెట్టిన గ్లాసు దగ్గర తరతరాలుగా విన్నదే కదా.

ఈ తర్కానికి పెద్ద చదువులు అడ్డురాలేదు. దేశంలో వైద్య పరిశోధనకంతటికీ పెద్ద దిక్కయిన ఐసీఎంఆర్ కు అప్పట్లో డైరెక్టర్ జనరల్ ఎ.ఎస్. పెయింటల్. విదేశీయులతో లైంగిక సంబంధం పెట్టుకోకుండా చట్టం చేయాలని 1988లో ఆయన ప్రతిపాదించాడు. ఎవరితో తినాలో, ఎవరిని చేసుకోవాలో శాస్త్రాలు రాసిన దేశంలో సైంటిస్టు కూడా అదే భాష మాట్లాడాడు. 1989లో ఎయిడ్స్ నివారణ బిల్లు అని ఒకటి పార్లమెంటులో పెట్టారు. ఆ బిల్లులో మనుషుల్ని పట్టి పరీక్ష చేసే, విడిగా ఉంచే అధికారాలు ఉన్నాయి. ఢిల్లీలో ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ లాంటి సంఘాలు దానిమీద పోరాడాయి. చివరకు దాన్ని వెనక్కి తీసుకున్నారు.

కానీ ఈలోపే గోవాలో ఏం జరిగిందో చూడండి. డొమినిక్ డిసౌజా అనే యువకుడు రక్తదానం చేసేవాడు. ఆ రక్తంలో హెచ్ఐవి ఉందని తేలింది. ఆ ముక్క ఆయనకు చెప్పకుండానే 1989 ఫిబ్రవరిలో పోలీసులు పట్టుకుపోయారు. పాత క్షయ ఆసుపత్రిలో 64 రోజులు ఒంటరిగా ఉంచారు. అందుకు గోవా చట్టం అనుమతి ఇచ్చింది. ఆయన నేరం ఏమిటి? రక్తం దానం చేయడమా? కోర్టులో కొట్లాడి బయటికొచ్చి, ఇదే అన్యాయం మీద పనిచేస్తూ 1992లో కన్నుమూశాడు. మొదట పరాయి విద్యార్థికి వేసిన సంకెళ్లు తర్వాత మన సొంత మనిషికే వేశారు. వెలివేత ఎప్పుడూ ఒక్కడితో ఆగదు.

ఇది మన దేశం ఒక్కదాని రోగం కాదు. అమెరికాలో 1980ల మొదట్లో అక్కడి ఆరోగ్య శాఖవాళ్లు హైతీ దేశం నుంచి వలస వచ్చినవాళ్లను మొత్తంగా ఎయిడ్స్ ప్రమాదపు గుంపులో కలిపి రాశారు. ఏం చేస్తే రోగం వస్తుందో రాయాల్సిన చోట ఏ దేశంలో పుట్టారో రాశారు. హైతీవాళ్లు నల్లవాళ్లు, పేదవాళ్లు. బడిలో పిల్లలు మాది హైతీ అని చెప్పుకోడానికి భయపడే రోజులొచ్చాయి. 1985లో ఆ జాబితా నుంచి పేరు తీసేశారు. ముద్ర మాత్రం పోలేదు. 1990లో హైతీవాళ్ల రక్తం దానంగా తీసుకోవద్దని ఇంకో శాఖ చెప్పింది. ఆ ఏప్రిల్ లో న్యూయార్కులో బ్రూక్లిన్ వంతెన మీద వేలాదిమంది హైతీవాళ్లు ఊరేగింపు తీశారు. ఆ శాఖ వెనక్కి తగ్గక తప్పలేదు. అదే అమెరికా 1987 నుంచి 2010 జనవరి దాకా హెచ్ఐవి ఉన్న విదేశీయులకు వీసా తలుపు మూసిపెట్టింది. ఆ ఇరవై మూడేళ్లలో అక్కడ హెచ్ఐవి ఆగిందా? ఆగలేదు. తలుపు మూయడం తెలివితక్కువ పని అని చివరకు వాళ్లే ఒప్పుకున్నట్టయింది.

గేటు దగ్గర పరీక్షతో పని జరగదు

"ముందే పరీక్ష చేస్తే తప్పేంటి? దేశాన్ని కాపాడుకోవద్దా?" అంటారు కొందరు. బాగా చదువుకున్నవాళ్లే అంటారు. వాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి.

ఒకటి. పరీక్ష నిన్నటి సంగతి చెబుతుంది, రేపటి సంగతి చెప్పదు. ఇవాళ నెగెటివ్ కాగితం జేబులో పెట్టుకున్న కుర్రవాడు రేపు నిరోధ్ లేకుండా పోతే ఆ కాగితం అతన్ని కాపాడదు. నిన్నటి సంగతి కూడా పూర్తిగా చెప్పదు. వైరస్ ఒంట్లో చేరాక పరీక్షలో కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే అనుమానం ఉన్నవాళ్లను మూడు నెలలు గడిచాక మళ్లీ పరీక్ష చేయించుకోమంటారు.

రెండు. గేటు దగ్గర బయటివాణ్ణి ఆపి చూపిస్తే, లోపలివాడు "రోగం వాళ్లది, నాకేం కాదు" అనుకుంటాడు. ఇంతకంటే పెద్ద ప్రమాదం లేదు. మన దేశంలో ఇప్పుడు 25 లక్షల మందికి పైగా హెచ్ఐవితో బతుకుతున్నారని 2023 లెక్కలు చెబుతున్నాయి. ఎక్కువమంది ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉంది. వీళ్లకు ఇది విదేశీ విద్యార్థి తెచ్చిపెట్టాడా? గుమ్మం దాటి బయటికి పోని ఇల్లాలికి ఎవరి నుంచి వచ్చింది? మంగళసూత్రం కట్టిన మొగుడి నుంచి వచ్చింది.

మూడు. తేలితే చదువు పోతుంది, వీసా పోతుంది అని భయం పెడితే ఎవడు తనంతట తాను పరీక్షకు వస్తాడు? జ్వరమొచ్చినా మందుల షాపులో మాత్ర కొనుక్కుని మింగుతాడు గానీ ఆసుపత్రి గడప తొక్కడు. రోగం ముదిరాక బయటపడుతుంది. అప్పటికి అతనికీ నష్టం, అతనితో ఉన్నవాళ్లకూ నష్టం.

నాలుగు. సూది గుచ్చినవాడు సంగతి చెప్పడు. సీసాలో రక్తం తీసుకుంటాడు, కాగితం మీద ముద్ర కొడతాడు, పొమ్మంటాడు. ఇరవై ఏళ్ల పిల్ల, పరాయి దేశం, పరాయి భాష, తలలో వంద ప్రశ్నలు. ఒక్కదానికి జవాబు చెప్పేవాడు లేడు. దీన్ని అవగాహన అంటారా? సంతలో పశువు పళ్లు చూసినట్టు చూడటం అంటారు.

మన పిల్లలు పోయే దేశాల్లో

ఇప్పుడు మన పిల్లల సంగతికొద్దాం. తెలుగు పిల్లలు అమెరికా, ఇంగ్లండు, కెనడా, ఆస్ట్రేలియా పోతున్నారు. ఇక్కడ మెడికల్ సీటు కొనలేనివాళ్లు డాక్టరు చదువుకు రష్యా, కిర్గిజ్‌స్థాన్, జార్జియా, ఫిలిప్పీన్స్ పోతున్నారు. ఒక్కో దేశానికి ఒక్కో రూలు ఉంది.

రష్యాలో 1995లో చేసిన చట్టం ప్రకారం మూడు నెలలకు మించి ఉండే విదేశీయుడు హెచ్ఐవి లేదని కాగితం చూపాలి. ఉందని తేలితే దేశం వదిలిపొమ్మంటారు. కెనడాలో 2002 నుంచి వలస మెడికల్ పరీక్షలోనే హెచ్ఐవి పరీక్ష కలిపారు. ఆరు నెలలకు మించి చదువుకోడానికి పోయే మన పిల్లలకు అది తప్పదు. కాకపోతే పాజిటివ్ అయినంత మాత్రాన అక్కడ వీసా ఆపాలని లేదు, వైద్యానికయ్యే ఖర్చు లెక్క చూస్తారు. ఆస్ట్రేలియాలో డాక్టరు, నర్సు చదువులకు పోయేవాళ్లను ఈ పరీక్ష అడుగుతారు. ఇంగ్లండులో 2012 అక్టోబరు నుంచి, వీసా ఏదైనా సరే, హెచ్ఐవి వైద్యం ఉచితం. ఇక గల్ఫ్ మెడికల్ సంగతి కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల్లో ఎవరినడిగినా చెబుతారు. అక్కడ పాజిటివ్ వస్తే "అన్‌ఫిట్". ఎందుకు అన్‌ఫిట్టో, తర్వాత ఎక్కడికి పోవాలో చెప్పే దిక్కుండదు. ప్రపంచంలో 48 దేశాలు, ప్రాంతాల్లో ఇంకా ఏదో ఒక ఆంక్ష ఉందని 2019లో ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం చెప్పింది.

ఇవన్నీ మన పిల్లలకు ఎవరు చెబుతున్నారు? కన్సల్టెన్సీవాడు ఫీజు గురించి చెబుతాడు, విమానం టికెట్టు గురించి చెబుతాడు, ఆవకాయ ఎట్లా ప్యాక్ చేయాలో కూడా చెబుతాడు. ఇది మాత్రం చెప్పడు. తల్లి కడుపులో ఉండగా, పాలు తాగే వయసులో హెచ్ఐవి వచ్చిన పిల్లలు ఇప్పుడు డిగ్రీలు, ఇంజనీరింగులు చదువుతున్నారు. 2004 ఏప్రిల్ నుంచి సర్కారు ఉచితంగా ఇస్తున్న ఏఆర్టీ మందులు వాళ్లను బతికించాయి. అట్లాంటి పిల్లవాడు రష్యాలో సీటుకు లక్షలు కట్టి, అక్కడ దిగాక పరీక్షలో తేలితే ఏమవుతుంది? డబ్బు పోతుంది, చదువు పోతుంది, ఊళ్లో పరువు అని మనం చెప్పుకునేది పోతుంది. ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ పిల్లవాడు అమెరికాకో ఇంగ్లండుకో దారి చూసుకునేవాడు. అక్కడ విద్యార్థి వీసాకు హెచ్ఐవి అడ్డం కాదు.

ఇంకో సంగతి ఉంది. పెద్దలం నోరు విప్పి మాట్లాడాల్సింది. ఇరవై, ఇరవై రెండేళ్ల వయసు. మొదటిసారి అమ్మానాన్న కళ్ల ముందు నుంచి దూరం పోతారు. ఒక గదిలో నలుగురైదుగురు, పగలు క్లాసు, రాత్రి పని, విపరీతమైన ఒంటరితనం. ఆ వయసులో స్నేహాలుంటాయి, ప్రేమలుంటాయి, ఒంటి కోరికలుంటాయి. మగపిల్లల మీద మనసుపడే మగపిల్లలుంటారు, వాళ్లు ఇక్కడ చెప్పుకోలేనిది అక్కడ చెప్పుకుంటారు. ఇవి లేనట్టు నటిస్తే పోతాయా? పిల్లవాడికి అనుమానం వచ్చినా క్లినిక్కుకు పోడు. గదిలో ఉన్న తెలుగువాడికి తెలిస్తే వారం తిరక్కుండా ఊళ్లో తెలుస్తుందని భయం. ఇన్సూరెన్సు లెక్కలు తెలియవు. వీసా పోతుందేమోనని హడలు. ఇంటికి ఫోను చేసి "బాగున్నానమ్మా" అంటాడు. అంతే.

"ఇవన్నీ చెబితే పిల్లలు చెడిపోతారు" అనేవాళ్లు ఊరికొకరు ఉంటారు. 2007లో బడుల్లో ఈ చదువు చెప్పబోతే మన సంస్కృతి పాడవుతుందని దేశంలో చాలా రాష్ట్రాలు ఆపేశాయి. ఎవరి సంస్కృతి? జోగిని పేరుతో మన ఆడపిల్లల్ని ఊరుమ్మడి చేసిన సంస్కృతా? కాలేజీల్లో రెడ్ రిబ్బన్ క్లబ్బులున్నాయి. చాలాచోట్ల డిసెంబరు 1న ఒక ర్యాలీ తీసి, ఫొటో దిగి, మళ్లీ ఏడాదికి గానీ కనబడవు. నిరోధ్ అనే మాట మైకులో పలకడానికి సిగ్గుపడే లెక్చరరు పిల్లలకు ఏం నేర్పుతాడు?

చెప్పాల్సినవి ఇవి

చెప్పాల్సింది కొండంత కాదు. ఒక గంట చాలు. ఆశా వర్కరు చెప్పగలదు, హాస్టలు వార్డెను చెప్పగలడు, మన సంఘం కుర్రాడు చెప్పగలడు.

హెచ్ఐవి వచ్చే దారులు ఇవి. రక్షణ లేని లైంగిక సంబంధం. పరీక్ష చేయని రక్తం. ఒకరు వాడిన సూది ఇంకొకరు వాడటం. వైద్యం అందని తల్లి నుంచి బిడ్డకు. ముట్టుకుంటే రాదు. పక్కన కూచుంటే రాదు. ఒకే కంచంలో తింటే, ఒకే గ్లాసుతో తాగితే, ఒకే మంచం మీద పడుకుంటే, ఒకే లెట్రిన్ వాడితే రాదు. దోమ కుడితే రాదు. మన గ్లాసు విడిగా పెట్టినవాడికి ఎంత బుద్ధి ఉందో, హెచ్ఐవి ఉన్నవాడి గ్లాసు విడిగా పెట్టినవాడికీ అంతే బుద్ధి ఉంది.

నిరోధ్ సరిగా వాడితే రక్షణ. నిరోధ్ చినిగిందనో, బలవంతం జరిగిందనో భయముంటే 72 గంటల లోపల, ఎంత తొందరగా అయితే అంత మంచిది, డాక్టరు దగ్గరికి పోతే 28 రోజుల మందులు ఇస్తారు. వైరస్ ఒంట్లో పాతుకోకుండా అవి ఆపగలవు. దీన్ని పెప్ అంటారు. ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్లు ముందుగానే వాడే మందు కూడా ఉంది. దాన్ని ప్రెప్ అంటారు. పరాయి దేశంలో ఈ రెండు మాటలు తెలిసి ఉండటం పాస్‌పోర్టు దగ్గరుండటమంత అవసరం.

హెచ్ఐవి ఉందంటే చావు రాసిపెట్టినట్టు కాదు. ఆ రోజులు పోయాయి. రోజూ మందు వేసుకుంటే అందరిలాగే పనిచేస్తారు, పెళ్లి చేసుకుంటారు, బిడ్డల్ని కంటారు. మందులు క్రమం తప్పకుండా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంత తగ్గితే, ఆ మనిషి నుంచి లైంగికంగా ఇంకొకరికి సోకదు. ఇది డాక్టర్లు రుజువు చేసిన సంగతి. పుర్రె బొమ్మ వేసినవాళ్లు ఈ సంగతి కూడా గోడ మీద రాసి ఉంటే ఎన్ని ప్రాణాలు నిలబడేవో!

చట్టం ఏమంటోంది?

2017లో పార్లమెంటు హెచ్ఐవి, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం చేసింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. సంఘాల్లో పనిచేసేవాళ్లు దీన్ని చేతిలో పెట్టుకోవాలి. మనిషి ఒప్పుకోకుండా హెచ్ఐవి పరీక్ష చేయకూడదు. ఫలితం బయటపెట్టకూడదు. హెచ్ఐవి ఉందని ఉద్యోగం, చదువు, వైద్యం, అద్దె ఇల్లు నిరాకరించకూడదు. చదువులో చేర్చుకోడానికి హెచ్ఐవి పరీక్ష షరతుగా పెట్టకూడదు. మనిషిని విడిగా ఉంచకూడదు. వాళ్ల మీద ద్వేషం రెచ్చగొట్టేవాడికి జైలు శిక్ష ఉంది. వంద మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే ప్రతి సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. రాష్ట్రానికి అంబుడ్స్‌మన్ ఉండాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ చట్టం రక్షణ ఇచ్చేది "పౌరుడి"కి అని రాయలేదు, "వ్యక్తి"కి అని రాసింది. అంటే నైజీరియా నుంచి వచ్చి హైదరాబాదులో చదివే అమ్మాయి కూడా వ్యక్తే. చట్టంలో లోపం లేదని కాదు. మందులు "సాధ్యమైనంతవరకు" అందించాలని రాశారు. ఆ మాట తీసేయాలని హెచ్ఐవితో బతుకుతున్నవాళ్లు అప్పుడే అడిగారు. మాట వినలేదు. అయినా ఉన్నంతలో ఇది ఒక ఆయుధం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఎట్లా ఉందో ఇదీ అట్లాగే. పుస్తకంలో ఉంటే చాలదు, వాడితేనే పదునెక్కుతుంది.

హైదరాబాదులో టోలిచౌకి వైపు పోతే ఆఫ్రికా విద్యార్థులు కనబడతారు. వాళ్లకు ఇల్లు దొరకడం ఎంత కష్టమో అడిగి చూడండి. "మత్తుమందులు అమ్ముతారు, రోగాలు తెస్తారు" అని ఇంటివాళ్లు ముఖం మీదే తలుపేస్తారు. 2017 మార్చిలో ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థుల్ని గుంపులుగా పడి కొట్టారు. మనకు ఇందులో కొత్త ఏముంది? అంబేద్కర్ 1913లో అమెరికా పోయి కొలంబియా యూనివర్సిటీలో చదివారు. 1917లో తిరిగొచ్చి బరోడాలో ఉద్యోగంలో చేరితే ఉండటానికి గది దొరకలేదు. పార్సీ పేరు పెట్టుకుని పార్సీల సత్రంలో తలదాచుకుంటే, కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. పరదేశంలో మనిషిగా బతికిన విద్యార్థి సొంత దేశంలో అంటరానివాడయ్యాడు. ఆ కథ చెప్పుకుని కన్నీళ్లు పెట్టుకునే మనం, ఇవాళ గది దొరకని ఆఫ్రికా పిల్లను చూసి తల తిప్పుకుంటే ఆయన పేరు పలికే అర్హత మనకుంటుందా?

ఏం అడగాలి, ఏం చేయాలి?

1. సాంఘిక సంక్షేమ హాస్టళ్లు, గురుకులాలు, డిగ్రీ కాలేజీల్లో ఈ పాఠం సంవత్సరానికి ఒక ర్యాలీగా కాకుండా, నిజమైన పాఠంగా, తెలుగులో, సిగ్గు లేకుండా చెప్పాలి. ఆడపిల్లలకు ఆడవాళ్లు చెప్పాలి.

2. విదేశీ విద్య పథకాల కింద పోయే ప్రతి విద్యార్థికి విమానం ఎక్కేముందు ఒక పూట శిక్షణ ఇవ్వాలి. ఏ దేశంలో రూలు ఏమిటి, వైద్యం ఎక్కడ దొరుకుతుంది, ఇన్సూరెన్సులో ఏముంటుంది అన్నది ఒక చిన్న పుస్తకంగా వేసి చేతికివ్వాలి.

3. ఫీజు కట్టించుకునే ముందే ఆ దేశపు మెడికల్ షరతులు కన్సల్టెన్సీలు రాసి ఇవ్వాలి. దాచిపెడితే డబ్బు తిరిగివ్వాలి.

4. మన యూనివర్సిటీలు విదేశీ విద్యార్థి దగ్గర హెచ్ఐవి కాగితం అడగకూడదు. ఎక్కడైనా అడిగితే 2017 చట్టం కింద మనమే ఫిర్యాదు చేయాలి. మన గేటు దగ్గర ఆపి, మన పిల్లల్ని వేరేవాళ్ల గేటు దగ్గర ఆపొద్దని అడిగే నోరు మనకు ఉండదు.

5. సర్కారు ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో విదేశీ విద్యార్థులకు అర్థమయ్యే భాషలో, పోలీసుల ఊసు లేకుండా పరీక్ష, సలహా, వైద్యం అందాలి.

6. ప్రతి కాలేజీలో, ప్రతి ఆసుపత్రిలో ఫిర్యాదుల అధికారి పేరు బోర్డు మీద రాయాలి.

ఇవి సర్కారును అడిగేవి. మనం చేసుకోవాల్సినవి కూడా ఉన్నాయి. మీ వాడ నుంచి పరదేశం పోయే పిల్ల ఉంటే, సన్మానం చేసి దండ వేసి పంపకండి. దండతోపాటు ఈ నాలుగు మాటలు చెప్పి పంపండి. అక్క చెబితే వింటుంది, మేనమామ చెబితే వింటాడు. "ఏమైనా అయితే ముందు మాకు చెప్పు, మేం తిట్టం" అని తల్లిదండ్రులు ఒక్క మాట అంటే అది ఏ మందుకన్నా ముందు పనిచేస్తుంది. ఊళ్లో ఎవరికైనా అనుమానం ఉంటే 1097కు ఫోను చేయొచ్చు. డబ్బు పడదు, పేరు చెప్పక్కర్లేదు. హైదరాబాదులో పనిచేసే సంఘాలవాళ్లు ఆఫ్రికా విద్యార్థులను ఒకసారి మీ మీటింగుకు పిలవండి. వాళ్ల ఇబ్బందులు వినండి, మనవి చెప్పండి. కలిసి భోంచేయండి. ఇల్లు దొరకని వాళ్లకు ఇల్లు వెతికిపెట్టండి.

వచ్చే అమావాస్య లోపల మీ వాడలో ఈ విషయం మీద ఒక మీటింగు పెట్టండి. ఎవరు వచ్చారు, ఏం అడిగారు, ఎవరు లేచిపోయారు, రాసి పంపండి. లేచిపోయినవాళ్ల గురించి తప్పకుండా రాయండి. వచ్చేసారి మొదలుపెట్టాల్సింది వాళ్లతోనే.